దొరగారి తూటా పట్టని పిస్టలు

అమెరికాలో పదేళ్ళుండి మూటాముల్లె సర్దుకుని వచ్చేసే మనవాళ్ళకి టీవీ, పిల్లల సైకిళ్ళు ఎలా తెచ్చుకోవాలో బాగా తెలుసు. ఒక తుపాకీ కూడా తెచ్చుకోవచ్చని మాత్రం చాలామందికి తెలీదు. నిజమేనండీ! కస్టమ్స్ వాళ్ళు ప్రయాణికులకిచ్చే సూచనల్లో ఏళ్ళతరబడి ఉన్న మాటే. అక్కడ కనీసం ఏడాదిపాటు మీ సొంతానికి వాడినదై ఉండాలి, ఇక్కడ లైసెన్సుండాలి, బతికున్నంతకాలం దాన్ని అమ్మకూడదు, ఎరువివ్వకూడదు. ఇంతవరకూ బానే ఉంది. అసలు మెలిక ఇంకో మాటలో ఉంది: అనుమతి ఉన్న బోరుదై ఉండాలట.

అక్కడే బండి ఆగిపోతుంది. 1985లో అమెరికా సైన్యం తీసుకున్న బెరెట్టా ఎం9కి 92ఎఫ్ఎస్ అని జనానికమ్మే జోడీ ఉంది. 9 ఎమ్మెమ్ కాబట్టి మనకి పనికిరాదు. అంతకుముందు డెబ్భై ఏళ్ళకి పైగా అదే సైన్యం వాడిన కోల్ట్ .45 కూడా పనికిరాదు. మన సైన్యం దశాబ్దాలుగా వాడుతున్న ఇషాపూర్ 9 ఎమ్మెమ్ (బ్రౌనింగ్ హైపవర్ నమూనా) సంగతి సరేసరి, దానికి జనం వెర్షనంటూ అసలు లేనే లేదు. ఇక మిగిలేవి వాల్తర్ పీపీ లాంటివి. 1929లో జర్మనీలో వచ్చింది, అక్కడి పోలీసులూ సైన్యాధికారులూ వాడారు, మన లెక్కలో .32 కిందకొస్తుంది. 1980ల మధ్యలో దిగుమతి ఆపేశాక కొత్తవి రావడం దాదాపు ఆగిపోయింది. ఉన్నవే చేతులు మారుతుంటాయి. ఫలానా ఊళ్ళో ఫలానా పెద్దాయన పోయారు, వాళ్ళబ్బాయి అమ్ముతాడట అని తెలిస్తే చాలు, డీలర్లు వాలిపోతారు. మీ నాన్నకంటే ముందు పుట్టిన ఇనపముక్కకి లక్షలు పోసి, బీరువాలో పెట్టుకుని, వచ్చినవాళ్ళకి చూపించుకోవడం! ఆత్మరక్షణట!

ఇంతకీ ఈ బోరు గొడవేమిటి? తుపాకీ ఎంత ప్రమాదకరమైనదో నిబంధన చూడదు. .380, .455, 9 ఎమ్మెమ్, .45 - ఈ సర్వీసు తూటాల్లో ఏదైనా అందులో పట్టి పేలుతుందా అని మాత్రమే చూస్తుంది. పేలితే నిషిద్ధం, లేకపోతే సరే. అందుకే 9 ఎమ్మెమ్ కంటే బలంగా కొట్టే .357 మాగ్నమ్ రివాల్వరు నిషిద్ధ జాబితాలో లేదు! ఫైలు పేరు చూసి వైరస్సో కాదో తేల్చే యాంటీవైరస్ ఎవరైనా రాస్తే మనం ఇంటర్వ్యూలోనే ఇంటికి పంపించేస్తాం కదా..

దీని మూలం వెతకాలంటే తెల్లదొరల దగ్గరికే వెళ్ళాలి. 1857 చూసి బెదిరినవాళ్ళు 1878లో ఆయుధాల చట్టం తెచ్చారు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా పడి తుపాకులూ తూటాలూ పట్టుకుపోయాడు. సర్కారు తూటా జనం తుపాకీలో పట్టకూడదని ఒక దొర అనుకుంటే, అతని వైపునుంచి అది నూటికి నూరుపాళ్ళు సబబే. మరి 1959లో మనం రాసుకున్న చట్టానికి ఏ అల్లూరి భయం? 2016లో నిబంధనలన్నీ తిరగరాశారు. ఈ ముక్క మాత్రం అలాగే ఉంచారు. ఎందుకు రాశారో తెలీని పాత కోడు, తీసేస్తే ఏం విరుగుతుందో అని ఎవడూ ముట్టుకోడు. మనకి తెలియని రోగం కాదులెండి :)

ఇటలీవాళ్ళదీ ఇదే రోగం. సైన్యం 9 ఎమ్మెమ్ తూటా జనానికి కూడదన్నారు. బెరెట్టావాళ్ళు అదే పిస్టల్ని, తూటా గొట్టం రెండు మిల్లీమీటర్లు పొడుగున్న 9x21కి తగ్గట్టు మార్చి, 98 అని పేరు పెట్టి అమ్ముకున్నారు. దెబ్బలో చెప్పుకోదగ్గ తేడా లేదు. చివరికి 2021 చట్టంతో ఆ పట్టింపు వదిలేశారు.

ప్రభుత్వం తూటాలు బయటికి పొక్కితే ప్రమాదం కదా అంటారు. న్యాయమైన ప్రశ్నే. 2010లో ఉత్తరప్రదేశ్ రాంపూర్లో బయటపడింది చూడండి. సర్కారీ తూటాలు మావోయిస్టులకి చేరాయన్న కేసు. 2023లో కోర్టు 24 మందికి శిక్ష వేస్తే అందులో ఎక్కువమంది సీఆర్పీఎఫ్, పీఏసీ, పోలీసు సిబ్బందే. అవతలివాళ్ళు తుపాకీకి లైసెన్సు అడిగారా, బోరు చూసుకున్నారా?

లైసెన్సు ఉన్నవాడికి మన సర్కారు ఇచ్చిందేమిటో కూడా చూద్దాం. రెండో ప్రపంచయుద్ధంలో ఇంగ్లీషు సిపాయి నడుముకున్న వెబ్లీ మార్క్ 4 రివాల్వర్ని .32కి దించి కాన్పూరులో చేసి అమ్మారు. మధ్యలోకి విరిచి తూటాలేసే ఆ పాత పద్ధతే. 2014లో దాన్నే తేలిక చేసి, 500 గ్రాముల బరువుతో, నిర్భయ పేరు గుర్తొచ్చేలా 'నిర్భీక్' అని పేరు పెట్టి ఆడవాళ్ళ రక్షణకన్నారు. ధర 1,22,360 రూపాయలు! రాత్రి షిఫ్టు దిగి క్యాబు కోసం నిలబడే అమ్మాయికా ఇది? ఆ పేరు వాడుకోవడం నాకైతే ఒళ్ళు మండించింది. 2023లో వచ్చిన 'ప్రబల్'లో సిలిండరు పక్కకి తెరుచుకుంటుందని గొప్పగా చెప్పారు. కోల్ట్ కంపెనీ ఆ పని 1889లోనే చేసింది. పోటీ లేని కొట్టులో సరుకు ఇలాగే ఉంటుంది.

అయితే అందరికీ తుపాకులిచ్చి అమెరికాలా చేద్దామంటావా అని మీదపడకండి. నేనంటున్నది దానికి సరిగ్గా ఎదురు. కాపలా లైసెన్సు దగ్గర పెట్టండి. అడిగినవాడి చరిత్ర తవ్వండి, శిక్షణ గట్టిగా ఇవ్వండి, తుపాకీ ఇంట్లో ఎలా దాస్తున్నాడో వెళ్ళి చూడండి. 2019లో ఒక్కొక్కరికి మూడు తుపాకులన్నది రెండుకి తగ్గించారు, నా ఓటు దానికే. దానంతటదే ధారగా పేలే ఆటోమేటిక్కులు నిషేధంలోనే ఉండనివ్వండి. మనిషిని వడకట్టాల్సిన పని తూటా కొలతకి అప్పగించడమే నాకు మింగుడుపడనిది. సీమలో ఫ్యాక్షన్ బాంబు చుట్టినవాడు ఏ కలెక్టరాఫీసుకీ అర్జీ పెట్టుకోలేదు. ముంగేర్ నాటు పిస్టలు చేసేవాడు గెజిట్ చదవడు. ఇక కస్టమ్స్ జప్తు చేసిన విదేశీ పిస్టళ్ళు చవగ్గా ఎంపీల చేతికి వెళ్ళిన సంగతి ఆర్టీఐ పెడితే గానీ బయటికి రాలేదు. చివరికి ఈ బోరు గీత ఆపేది అర్జీ పెట్టుకుని, వేలిముద్రలిచ్చి, వరసలో నిలబడేవాణ్ణొక్కణ్ణే.

సర్వీసు తూటా మాట ఒక్క సవరణతో తీసేయొచ్చు. బెంగపడేది పోలీసులకంటే పాత వాల్తర్లని బీరువాల్లో దాచుకున్న పెద్దమనుషులే. దిగుమతి కూడా తెరిస్తే, ఆ లక్షల సరుకు మర్నాటికి వేలల్లోకి దిగుతుంది మరి.