పంచదార లేదన్నారు, గ్లూకోజు లేదన్నారా?

మొన్న ఓ.పి.లో ఒక రిటైరైన మాస్టారు వచ్చారు. మధుమేహం మొదలై పదేళ్లయింది. "కాఫీలో పంచదార మానేశాను. రాత్రి అన్నం కూడా మానేసి రెండు పుల్కాలు తింటున్నాను. అయినా షుగరు దిగదేమిటండీ?" అన్నారు. ఆరా తీస్తే, నీరసానికని రోజూ రెండుపూటలా ఏదో బలం పొడి పాలల్లో కలుపుకుంటున్నారని తేలింది. డబ్బా తెప్పించి చూశాను. ముందు పెద్ద అక్షరాలతో "పంచదార కలపలేదు" అని ఉంది. వెనక చిన్న అక్షరాల్లో, దినుసుల పట్టీలో రెండో పేరు మాల్టోడెక్స్‌ట్రిన్!

ఇదేమిటో తెలియాలంటే మీరే ఒక పరీక్ష చేయండి. వట్టి అన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని బాగా నమలండి. కాసేపటికి తియ్యగా అనిపిస్తుంది. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము పిండిని చక్కెరగా విడగొట్టడమే దీనికి కారణం. మిగిలిన పని చిన్నపేగుల్లో పూర్తవుతుంది.

కార్ఖానాల్లోనూ జరిగేది ఇదే. మొక్కజొన్న పిండిని నీళ్లలో కలిపి 100 డిగ్రీలు దాటేలా కాస్తారు. ఆ వేడికి మన ఎంజైము నిలవదు. అందుకని బాసిల్లస్ జాతి బాక్టీరియా నుంచి తీసిన అమైలేజ్‌ను వాడతారు. అక్కడ ఆపి ఎండబెడితే మాల్టోడెక్స్‌ట్రిన్. ఆపకుండా సుమారు 60 డిగ్రీలకు చల్లార్చి, ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే బూజు నుంచి తీసిన మరో ఎంజైము కలిపి ఒకటి రెండు రోజులు ఉంచితే దాదాపు అంతా గ్లూకోజే.

బూజు అనగానే జంకకండి. జపాను శాస్త్రజ్ఞుడు జోకిచీ టకమీనే ఇటువంటి బూజు ఎంజైముకే 1894లో అమెరికాలో పేటెంటు పొందారు. అది అరుగుదల మందుగా ఎంతో పేరు తెచ్చుకుంది.

మధుమేహ రోగులు జాగ్రత్తపడవలసింది మరొక విషయంలో. మాల్టోడెక్స్‌ట్రిన్ నాలుకకు అంత తీపి కాదు. కాని సగం అరిగిన పిండి కనుక, రక్తంలో చక్కెరను గ్లూకోజంత వేగంగానూ పెంచుతుంది. కాబట్టి డబ్బా వెనక మాల్టోడెక్స్‌ట్రిన్, లిక్విడ్ గ్లూకోజు, డెక్స్‌ట్రోజు అనే పేర్లు ఉన్నాయేమో చూడండి. పట్టీలో పేరు ఎంత ముందుంటే ఆ దినుసు అంత ఎక్కువ.

అలాగని ఇంట్లో గ్లూకోజు అసలు ఉంచవద్దని కాదు. ఇన్సులిన్ గాని, షుగరు మాత్రలు గాని వాడేవారికి చెమటలు పట్టి, వణుకు పుట్టి, షుగరు 70 కంటే తగ్గితే వెంటనే 15 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి ఇవ్వండి. పావుగంట తరువాత మళ్లీ పరీక్ష చేయండి. వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు వేసుకునేవారికి పంచదార వెంటనే పనిచేయదు. పంచదారను విడగొట్టే పేగుల ఎంజైమును ఆ మాత్రలు అడ్డుకుంటాయి. వారికి గ్లూకోజే ఇవ్వాలి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మాస్టారు ఆ పొడి మానేశారు. నెల తిరిగేసరికి షుగరు దిగింది. మందు పెంచవలసిన పని పడలేదు.