చెవికి ముందు, నోటికి తర్వాత!

ఇంగ్లీషు సినిమాలు చూస్తే ఇంగ్లీషు వస్తుందా అని అడిగే కుర్రకారుకి నా జవాబు ఒకటే: భేషుగ్గా వస్తుంది. కాని, తెరమీద వినపడ్డ ప్రతి మాటనీ జేబులో వేసుకుని, హాలు బయటికి రాగానే ఖర్చు పెట్టేయకండి!

'బాంబ్' అన్న మాటే తీసుకోండి. అమెరికా వాడు ఫలానా పిక్చరు 'బాంబ్' అన్నాడంటే అది ఫట్‌మని పోయిందని అర్థం. అదే ఇంగ్లండులో ఏదైనా 'బాంబులా వెళ్ళింది' అంటే బ్రహ్మాండంగా సాగిందన్నమాట. చూశారా! సముద్రం దాటేసరికి ఫ్లాపు కాస్తా హిట్టయి కూర్చుంది. అలాగే, స్టేజి ఎక్కబోయే నటుడితో 'బ్రేక్ ఎ లెగ్' అంటారు. కాలు విరగ్గొట్టుకోమని శాపం కాదండీ, శుభం జరగాలని దీవెన.

1964లో వచ్చిన 'మై ఫెయిర్ లేడీ' వీలైతే చూడండి. పూలమ్ముకునే ఎలైజా (ఆడ్రీ హెప్‌బర్న్)కి ప్రొఫెసర్ హిగ్గిన్స్ (రెక్స్ హారిసన్) ఉచ్చారణ నేర్పి, ఏస్కట్ గుర్రప్పందేలకి తీసుకెళ్తాడు. పలుకు ముత్యమే, మాటలు మాత్రం పాత పేటవే! చచ్చిపోయిన తన ఆంటీని ఎవరో 'లేపేశారు' అన్న ధోరణిలో చెబుతుంటే పెద్దింటివాళ్ళు తెల్లబోతారు. ఫ్రెడ్డీ ఒక్కడే ముచ్చటపడిపోతాడు. అక్కడ తప్పు మాటది కాదు, చోటుది.

మనకు తెలియనిదా ఇది? సినిమాలు చూసి తెలుగు నేర్చిన దొరగారెవరో కాలేజీ ప్రిన్సిపాల్ భుజం తట్టి 'ఏం గురూ!' అంటే ఎలా ఉంటుంది?

అందుకే నా సలహా. కొత్త మాట వినగానే, దాన్ని ఎవరు ఎవరితో అన్నారో చూడండి. స్నేహితులా? దొంగలా? దెబ్బలాటలో ఉన్నారా? నాలుగైదు చోట్ల విన్నాక, ముందు స్నేహితుల దగ్గరే వాడండి. 'గొన్నా', 'వాన్నా' వింటే అర్థం కావాలి. ఉద్యోగం అర్జీలో మాత్రం రాయకూడదు. మాటలకి వయసు కూడా ఉంటుంది సుమా! 1960లలో వెలిగిన 'గ్రూవీ' ఇవాళ చిరిగిన వాల్‌పోస్టరు. దానికంటే పాతదైన 'కూల్' మాత్రం ఇంకా హౌస్‌ఫుల్లే.

ఇంటర్వ్యూలో మీ మార్కులకంటే ముందు మీ మాటే వినపడుతుంది. కాబట్టి అర్థం చేసుకోవడానికి వంద మాటలు దాచుకోండి, అనడానికి పది చాలు. ఆ పదీ సరైన చోట పడ్డాయా, ఇక మీరే హీరో!