లంకలు చూచి వద్దాం

బేతమంగళం నీళ్లు తాగి పెరిగిన మన గనుల పిల్లలకు ఏరంటే పాలారే. అందులో ఏడాదికి చాలా రోజులు ఇసుకే! ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలి లంకలను చుట్టుకొనే వైనం వారికి ఒకసారి చూపవలెనని మా కోరిక. కొబ్బరి నీడన, మెత్తని ఒండ్రు మీద రెండు రోజులు తిరిగితే ఒళ్లు తేలికపడుతుంది. కాకినాడ చేరువనే కోరంగి మడ అడవి కూడా ఉన్నది.

వరదల నెలల్లో మాత్రం వద్దంటాము. 1986 ఆగస్టులో గోదావరి గట్లే తెగాయి. సంక్రాంతి వెళ్లాక బయలుదేరండి. పడవ ఎక్కేముందు లైఫ్ జాకెట్లు అడిగి తీసుకోండి. 2019లో, ఎగువన పాపికొండల దారిలో, కచ్చులూరు దగ్గర పడవ మునిగి ఎందరో పోయారు. 2001లో మూతపడిన మన గనుల్లోకి పెద్దలు నెత్తిన టోపీ లేనిదే దిగేవారా? పడవవాడు నవ్వితే నవ్వనీయండి, ముందు పిల్లలకు తొడిగించండి.