మన ఆరోగ్యం: పొట్లంలోని పొడి

పోయిన వానాకాలంలో ఒక రాత్రి షోలాపూర్‌లోని మా ఇంటి తలుపు తట్టింది మా వీధి అమ్మాయి. వాళ్ళ నాయన మగ్గం మీద బతికిన పెద్దమనిషి. మూత్రంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ సెప్సిస్‌గా మారి, మూత్రపిండాలు పని మానేశాయి. అమ్మాయి చేతిలో పుట్టగొడుగుల పొడి పొట్లం.

"కాకా, ఇండ్ల పాలీశాకరైడ్లు ఉన్నయట. కిడ్నీలు మంచిగైతయట. నాయినకు తాపొచ్చా?"

చక్కెర అణువులను పూసల్లా గుచ్చిన పొడవాటి దండలే పాలీశాకరైడ్లు. మనం తాగే గంజిలోని పిండీ ఆ జాతిదే. ఇక సెప్సిస్ అంటే, క్రిములతో పోరాడవలసిన మన రక్షణ దళం అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీయడం. 2017లో ప్రపంచమంతటా సుమారు 1 కోటి 10 లక్షల మంది దీనివల్ల చనిపోయారని అంచనా.

పుట్టగొడుగుల్లోని బీటా గ్లూకాన్, చైనా వైద్యంలో వాడే ఆస్ట్రగాలస్ వేరులోని పాలీశాకరైడ్లు ఎలుకల్లో మంచి ఫలితాలు చూపిన మాట నిజమే. కాని అలాంటి ప్రయోగాల్లో చాలావాటిలో మందు ముందుగా ఇచ్చి, తర్వాత జబ్బు తెప్పిస్తారు. మన మనిషి జబ్బు ముదిరాక కదా ఆస్పత్రికి వచ్చేది! మనుషుల ప్రాణం నిలుపుతాయని ఇంకా రుజువు కాలేదు.

"చెట్టు మందే కదా, హాని ఏముంది?" అంటారు. పిండి నుంచి తయారుచేసిన స్టార్చ్ సెలైన్‌ను సెప్సిస్ రోగులకు ఏళ్ళ తరబడి ఎక్కించారు. 2012లో డెన్మార్క్, నార్వే మొదలైన దేశాల్లో 798 మందిని పరీక్షిస్తే, ఆలుగడ్డ పిండితో చేసిన ఆ సెలైన్ ఎక్కినవారిలో 90 రోజుల్లో 51 శాతం మంది పోయారు. మామూలు రింగర్ సెలైన్ ఎక్కినవారిలో 43 శాతం. డయాలిసిస్ అవసరమూ మొదటివారికే ఎక్కువైంది. 2022లో యూరప్‌లో స్టార్చ్ సెలైన్ అమ్మకాలు నిలిపివేశారు.

"వద్దమ్మా, డాక్టరును అడగకుండా ఏదీ పెట్టకండి" అన్నాను. తర్వాత, "జ్వరంలో మాట ఎట్లుండె?" అని అడిగాను. పిల్ల ఏడ్చేసింది.

"రెండు దినాలు ఏందేందో అన్నడు కాకా. మేము కలవరింత అనుకున్నం. చిన్న దవాఖానల నర్సుబాయి తెలుగు మాట్లాడుతుండనుకున్నది."

ఆ రెండు రోజులే మూత్రపిండాలను తిన్నాయి. నాలుగుసార్లు డయాలిసిస్ చేశాక పెద్దాయన ఇల్లు చేరాడు. ఇప్పుడు మెల్లగా గుడిదాకా నడుస్తున్నాడు. పొట్లం మా అలమరలోనే ఉంది.

అందుకే చెబుతున్నాను. జ్వరంతోపాటు మాట తడబడినా, ఊపిరి వేగమైనా, మూత్రం తగ్గినా, కాళ్ళు చేతులు చల్లబడినా తెల్లవారేదాకా ఆగవద్దు. సెప్సిస్‌తో బి.పి. పడిపోతే గంటలోపే యాంటీబయాటిక్ పడాలి. మన పెద్దవాళ్ళు జ్వరంలో మరాఠీ మరచి తెలుగులోకి వస్తారు. ఆ తెలుగు సరిగా ఉందో లేదో డాక్టరుకు చెప్పవలసింది మీరే.

వచ్చే సంచికలో కలుద్దాం.