కుటుంబ వైద్యుడు కాదలచు యువకునకు

నూరుమందిని చంపినగాని వైద్యుడు కాడని మనవారిలో నొక సామెత కలదు. నవ్వుటకు చెప్పుకొను మాటయే యైనను అందు దాగియున్న యభియోగము సామాన్యమైనది కాదు. కళాశాల విడిచిన యువకుడు రోగుల శరీరములపైననే విద్య నేర్చుచున్నాడనియు, ఆ నేర్పునకు మూల్యము బీదవాడే చెల్లించుచున్నాడనియు లోకమెరిగియే పలికినది. పెద్దల పర్యవేక్షణమున జరుగు శిక్షణ యీ సామెతను అబద్ధము చేయుటకే యేర్పడినది. గుండెకు, కంటికి, ఎముకకు అట్టి శిక్షణ వలయునని యెల్లరు నంగీకరింతురు. ఇంటిల్లిపాదిని చూచు వైద్యునకు మాత్రము అది యక్కరలేదను భ్రమ మనలో నేటికిని తొలగలేదు.

1943లో నియమింపబడి 1946లో నివేదిక సమర్పించిన భోర్ సంఘము దేశమున వైద్యుల కొక్క తరగతియే చాలునని తలచెను. మన పెద్దలెరిగిన ఎల్.ఎం.పి. డాక్టర్లు క్రమముగా కనుమరుగైరి. వారి స్థానమున ఎం.బి.బి.ఎస్. పట్టభద్రుడు నిలువవలసియుండెను. కాని యాతడు అది తనకు తగిన స్థానము కాదనుకొనెను. లోకమును ఆతనికట్లే బోధించెను.

ఇతర దేశములు వేరు మార్గము త్రొక్కినవి. బ్రిటనులో 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమాయెను. 1952లో సామాన్య వైద్యులు తమకొక కళాపీఠమును స్థాపించుకొనిరి. 1980ల ఆరంభము నుండి ప్రత్యేక శిక్షణ లేనిదే అచట ఆ వృత్తిలో ప్రవేశము లేదు. అమెరికాలో 1969లో కుటుంబ వైద్యము ప్రత్యేక శాఖగా గుర్తింపబడినది. మనదేశమునను మార్గము లేకపోలేదు. జాతీయ పరీక్షా మండలి యొసగు డి.ఎన్.బి. మూడేండ్ల శిక్షణ కలదు. కొన్ని కళాశాలలయందు ఎం.డి. కూడ కలదు. 2002, 2017 సంవత్సరముల జాతీయారోగ్య విధానములు రెండును ఈ శాఖను పెంపొందింపవలెనని పలికినవి. పలికినంత జరిగినదా యనునదే ప్రశ్న.

2023 ఏప్రిలులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కుటుంబ వైద్యుని పేరుతోనే యొక పథకము నారంభించి, ప్రాథమికారోగ్య కేంద్రపు వైద్యుని 104 వాహనముతో గ్రామమునకు పంపెను. దాని గుణదోషములను ఇచట విచారింపము. ఒక్క మాట మాత్రము చెప్పెదము. ఆ కేంద్రమున వైద్యుడగుటకు ఎం.బి.బి.ఎస్. పట్టమే చాలును. పేరు పెట్టుట యొక దినపు పని. ఆ పేరునకు తగిన వానిని తయారుచేయుట మూడేండ్ల పని.

ఇక యీ శిక్షణ కోరు యువకుని స్థితి యెట్టిది? నాలుగున్నర యేండ్లు చదివి, ఒక యేడు ఇంటర్న్‌షిప్పు ముగించి, నీట్ పీజీ పరీక్షకు కూర్చుండవలెను. ప్రశ్నలు 200, కాలము మూడున్నర గంటలు, ఒప్పునకు 4 మార్కులు, తప్పునకు 1 మార్కు కోత. బ్రిటనులోని ప్రవేశ పరీక్షకు భాగములు రెండు: ఒకటి రోగనిర్ణయ చికిత్సలను గూర్చినది, రెండవది వృత్తిధర్మ సంకటములను గూర్చినది. మన పరీక్ష జ్ఞాపకశక్తినే యధికముగా తూచును. రోగి యింటి గడపలో వైద్యుడెట్లు నడుచుకొనునో దానికి తెలియదు. అందుచే ఆ భాగమును అభ్యర్థి తనంతట తానే సిద్ధము చేసికొనవలసియున్నది.

అట్టివానికి మేము విన్నవించునది యిది. ర్యాంకు వచ్చిన పిదప మిగిలిన శాఖగా దీని నెన్నుకొనవలదు, ముందుగానే నిశ్చయించుకొనుము. వైద్య విద్యార్థులు గ్రామమున కొన్ని కుటుంబములను దత్తత గొనవలెనను నియమము నేడున్నది. దానిని సంతకముల పనిగా ముగింపక, ఆ గుమ్మములకే మరల మరల పొమ్ము. ముసలమ్మ నలుగురు డాక్టర్లు వ్రాసిన మాత్రలను ఒక్క డబ్బాలో పోసికొని మ్రింగుచుండుట నీ కన్నులారా చూడుము. ‘నీరసముగా నున్నది’ అను నొక్క మాట వెనుక రక్తహీనతయో, మధుమేహమో, అప్పుల దిగులో యున్నదని తెలియవలెనన్న పుస్తకము చాలదు, చెవి యొగ్గవలెను. చేరబోవు ఆసుపత్రిని ముందుగా విచారింపుము. పిల్లల వైద్యము, ప్రసూతి, శస్త్రచికిత్స, అత్యవసర విభాగములలో నిజముగా త్రిప్పి నేర్పుదురా, లేక రాత్రి కాపలాకు చౌకగా దొరికిన మనిషిగా నుంచుకొందురా? అచట చదివిన సీనియర్ల నడిగిన నిజము తేలును.

పరదేశములకు పోవువారిని మేము నిందింపము. అచట తమ విద్యకు గౌరవము కలదని వారు పోవుచున్నారు. ఆ గౌరవమిచట లేకుండుటకు కారకులెవరు? ఈ ప్రశ్న మా పాఠక మహాశయులనే యడుగుచున్నాము. పొలమమ్మి కుమారుని చదివించిన తండ్రి, వాడు ‘ఉత్త డాక్టరు’గా మిగిలెనని చింతించును. పెండ్లి సంబంధము వచ్చినవాడు ‘స్పెషలిస్టా?’ యని యడుగును. అర్ధరాత్రి ఆ యింటనే యాయాసము వచ్చినప్పుడు, వంశమునంతటిని ఎరిగిన డాక్టరు ఊరిలో లేడని దుఃఖింతురు. మనము గౌరవింపని విద్య మన వాకిటికెట్లు వచ్చును?

ప్రభుత్వము ప్రతి ప్రభుత్వ వైద్య కళాశాలయందును కుటుంబ వైద్య శాఖను నెలకొల్పి, ఆ శిక్షణ పొందినవారికి ప్రాథమికారోగ్య కేంద్రములయందు హెచ్చు పదవియు హెచ్చు వేతనము నొసగవలెను. గృహస్థులు తమ బిడ్డ యీ శాఖను కోరినప్పుడు అడ్డుపడక దీవింపవలెను. ఈ రెండును జరిగిననాడు ఆ పాత సామెత మన ముసలివారితోనే ముగియును.