కాన్పుకు లైన్ క్లియర్ ఎవరు ఇవ్వవలెను?

సూరత్ మరమగ్గములను నమ్ముకొని తెలంగాణము నుండి వలస వచ్చిన నేత కుటుంబములు లింబాయత్ ప్రాంతమున స్థిరపడి తరములు గడచినవి. కామ్‌రేజ్ వంటి శివారు తాలూకాలలో ఉద్యోగరీత్యా చేరిన మనవారును కొందరు గలరు. తొలికాన్పు పుట్టింట జరుగవలెనను ఆచారము వీరిని విడువలేదు. నెలలు నిండకముందే ఆడపడుచును నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్లు వైపు పంపుచున్నారు.

ఆ ప్రయాణమునకు అర్థమేమో అంకెలు చెప్పుచున్నవి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము గుజరాత్‌లో సిజేరియన్ కాన్పులు 21 శాతము, తెలంగాణలో 60.7 శాతము, అచటి ప్రైవేటు ఆసుపత్రులలో 81.5 శాతము. ఒక్క కరీంనగర్ జిల్లాలో 82.4 శాతము! ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో సూచించిన పరిమితి 10 నుండి 15 శాతము మాత్రమే. ముహూర్తము చూచి కోయించుకొను మన వెర్రికిని ఇందులో భాగము గలదు. తప్పంతయు వైద్యులపై నెట్టుట న్యాయము కాదు.

విచిత్రమేమనగా, దీనికి విరుగుడును కరీంనగర్‌లోనే మొదలైనది. మంత్రసాని పనిని వృత్తివిద్యగా నేర్పుచున్న హైదరాబాదు ఫెర్నాండెజ్ సంస్థ తోడ్పాటుతో, 2017లో తెలంగాణ ప్రభుత్వము అచట నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించినది. 2018లో కేంద్ర ప్రభుత్వము మార్గదర్శకములు వెలువరించి, మిడ్‌వైఫ్‌లు నడుపు ప్రసవ విభాగములను పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులలోనే నెలకొల్పవలెనన్నది. వైద్యుడు పిలుపు దూరమున ఉండును గనుక ఇది మంచి ఏర్పాటు.

ఇక ఆసుపత్రి గోడల వెలుపల, నగరములలో తలెత్తుచున్న స్వతంత్ర ప్రసవ కేంద్రముల మాట? 1949 నాటి బొంబాయి చట్టము ప్రసూతి గృహములకు రిజిస్ట్రేషన్ నిర్బంధము చేసినది. గుజరాత్ 2021లో వైద్యసంస్థల చట్టము చేసికొన్నది. నర్సులు, మిడ్‌వైఫ్‌ల రిజిస్టరు కొరకు 2023లో జాతీయ కమిషన్ చట్టము వచ్చినది. ఒక చట్టము సంస్థను చూచును, ఇంకొకటి మనిషిని చూచును. కాన్పు మధ్యలో రక్తస్రావము మొదలైన తల్లిని ఎన్ని నిమిషములలో, ఏ ఆసుపత్రికి, ఎవరి బాధ్యతపై చేర్చవలెనో తేల్చినప్పుడే అది నియంత్రణ యనిపించుకొనును.

ఈ కేంద్రములను మూసివేయుడని కొందరు వైద్యులు, కాన్పు ప్రకృతిసిద్ధము గనుక నిబంధనలే వలదని మరికొందరు వాదించుచున్నారు. రెండును మనకు సమ్మతము కావు. ఇంగ్లండు 1902లోనే చట్టము చేసి మంత్రసానులను రిజిస్టరు కిందకు తెచ్చినది, వారిని నిషేధింపలేదు. లైన్ క్లియర్ లేనిదే స్టేషన్ మాస్టరు బండిని వదలడు. అట్లే సమీప ఆసుపత్రితో వ్రాతపూర్వక ఒప్పందము, అంబులెన్సు లేనిదే ఏ కేంద్రమును తల్లిని చేర్చుకొనరాదు. ఎన్ని కాన్పులు చేసిరి, ఎందరిని ఆసుపత్రికి పంపిరి అను లెక్కను బహిరంగపరచవలెను. ప్రైవేటు ఆసుపత్రులును తమ కోతల లెక్కను గోడపై అంటింపవలెను. నిబంధన ఒక పక్షమునకే అయినచో అది వ్యాపార రక్షణయే యగును.

మిడ్‌వైఫ్ కూడ కార్మికురాలే. శిక్షణ ఇచ్చి మరల సాధారణ వార్డులో వేసినచో ఆ విద్య వృథా. ఆమెకు ప్రత్యేక కేడరు, వేతన శ్రేణి, పదోన్నతి కావలెను. రైల్వే ఆసుపత్రులలో మిడ్‌వైఫ్ విభాగములు తెరువవలెనని, తపాలా ఉద్యోగులకు సి.జి.హెచ్.ఎస్. ద్వారా ఈ సేవ లభింపజేయవలెనని మనము అడుగవలసియున్నది.

శాఖా కార్యదర్శులు గత మూడేండ్లలో సభ్యుల కుటుంబములలో జరిగిన కాన్పులెన్ని, అందు సిజేరియన్‌లెన్ని, ఖర్చెంత అను వివరములను పేర్లు లేకుండ సేకరించి ఫెడరేషన్ కార్యాలయమునకు పంపవలెను. ఆ కాగితములతోనే రాబోవు పి.ఎన్.ఎం. సమావేశమున కూర్చుందము.