‘సేకరణ’ అని రాస్తే సరిపోతుందా?

పండగొస్తే చాలు, ఫోన్లు అక్షరాల బొమ్మలతో నిండిపోతాయి. చుక్కలు, గీతలు, బ్రాకెట్లు వరుసగా పేర్చి చేసిన దీపాలు, నెమళ్లు, వినాయకులు. తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో వాటి కింద ‘సేకరణ’ అని ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే ‘క్రెడిట్స్ టు ఓనర్’. రెండు చోట్లా లేనిది గీసినవారి పేరే. సేకరణ అన్న మాట పంపినవారి శ్రమ గురించి చెబుతుంది, అంతే.

ఈ కళ వాట్సాప్‌తో పుట్టింది కాదు. ఫ్లోరా స్టేసీ అనే మహిళ 1898లోనే టైప్‌రైటర్‌తో సీతాకోకచిలుకను గీశారు. ఆస్కీ ప్రమాణంలో అచ్చులో కనిపించే గుర్తులు, ఖాళీతో కలిపి 95. కంప్యూటర్ కళాకారులు వాటితోనే బొమ్మలు కట్టారు. సంతకం పెద్దగా పెట్టే చోటు ఉండదు కాబట్టి బొమ్మ మూలన రెండు మూడు పొడి అక్షరాలు వేసుకునే సంప్రదాయం ఏర్పడింది. 1990లలో పేరొందిన అమెరికన్ కళాకారిణి జోన్ స్టార్క్ బొమ్మల్లో ‘జేజీఎస్’ అని ఉంటుంది. తెలియనివారికి అవి పొరపాటున మిగిలిపోయిన అక్షరాల్లా కనిపిస్తాయి. తీసేస్తారు. తెలిసి తీసేసేవాళ్లూ ఉన్నారు.

మన చట్టం దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రలేఖనానికి రక్షణ దక్కడానికి కళాత్మక విలువ ఉండి తీరాలని లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. అక్షరాలతో కట్టిన బొమ్మ కూడా చిత్రమేనని గట్టిగా వాదించవచ్చు. 57వ సెక్షన్ ప్రకారం కాపీరైట్‌ను అమ్ముకున్న తర్వాత కూడా ‘ఇది నాది’ అని చెప్పుకునే హక్కు సృష్టికర్తకే ఉంటుంది. 2012 సవరణతో వచ్చిన 65బి సెక్షన్ మరింత సూటిగా ఉంది: కృతిపై ఉన్న రచయిత పేరు వంటి హక్కుల సమాచారాన్ని అనుమతి లేకుండా, తెలిసి తొలగిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా.

అలాగని మూడు గుర్తుల నవ్వు ముఖానికి యజమానిని వెతకనక్కర్లేదు. ఎంతో కొంత సృజన ఉంటేనే కాపీరైట్ అని ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

చిక్కంతా అమలులోనే. విజ్ఞాన్ భవన్ నుంచి తన కాంస్య కుడ్యశిల్పాన్ని 1979లో తొలగించారని శిల్పి అమర్‌నాథ్ సెహగల్ 1992లో కోర్టుకెక్కితే, ఢిల్లీ హైకోర్టు తీర్పు 2005లో వచ్చింది. మిగిలిన శిల్ప భాగాలను తిరిగి ఇవ్వాలని, 5 లక్షల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. అంత పేరున్న శిల్పికే అన్నేళ్లు పడితే, ఒక ఫార్వర్డ్ కోసం వకీలును పెట్టుకునేదెవరు?

వాట్సాప్‌లో కనిపించే ‘ఫార్వర్డెడ్’ గుర్తు సందేశం చేతులు మారిందని చెబుతుంది గానీ, మొదట ఎవరి చేతి నుంచి వచ్చిందో చెప్పదు. ఫొటోలో పేరును కత్తిరించేయవచ్చు, కాపీ చేసే క్రమంలో ఫైల్ లోపలి వివరాలు పోవచ్చు. అక్షరాల బొమ్మకు ఆ బెడద తక్కువ. సంతకం కూడా అక్షరమే కాబట్టి, చెరపకపోతే బొమ్మతో పాటే వెళుతుంది. పొడి అక్షరాలను అలాగే ఉంచి, తెలిస్తే కింద పూర్తి పేరు, తెలియకపోతే ‘గీసినవారు తెలియదు’ అని రాయడానికి ఒక వరుస చాలు. పేరు తెలిసినవారు గ్రూపులో ఎవరైనా ఉంటే, ఆ వరుస చూసి చెప్పే వీలుంటుంది. ‘సేకరణ’ అని చూసినవారు అడగరు, చెప్పరు.